వేలిముద్రతో అమ్మ ఖాతాలోని డబ్బు తీశారు: బయోమెట్రిక్ లాక్ చేస్తే రేషన్, పింఛను ఆగిపోతాయా?

ప్రశ్న: ఒంగోలు_వాసి

నమస్కారం. ఈ విషయం తెలిసినవారి సలహా కోసం రాస్తున్నాను. మా అమ్మగారికి అరవై రెండేళ్లు. ప్రకాశం జిల్లాలోని మా పల్లెలో ఒక్కరే ఉంటారు, నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఆవిడ దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు, ఏటీఎం కార్డు అసలు తీసుకోలేదు. ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. అయినా ఆవిడ పొదుపు ఖాతాలో నుంచి పదేసి వేల రూపాయల చొప్పున వరుసగా కొన్నిసార్లు డబ్బు పోయింది. ఫోనుకు ఒక్క ఎస్‌ఎంఎస్ కూడా రాలేదు. పాస్‌పుస్తకంలో పద్దులు వేయించడానికి బ్యాంకుకు వెళ్లినప్పుడే సంగతి బయటపడింది. ఆ పద్దుల పక్కన 'ఏఈపీఎస్' అని, అంటే ఆధార్ సంఖ్య, వేలిముద్రలతో డబ్బు తీసే పద్ధతి పేరు ఉన్నది.

శాఖలో అడిగితే, వేలిముద్ర పడకుండా ఈ డబ్బు రాదు కాబట్టి మీరే తీసుకొని మరచిపోయి ఉంటారని అన్నారు. డబ్బు పోయినదాని కంటే ఆ మాటే అమ్మను ఎక్కువ బాధపెట్టింది. ఆవిడ వేలిముద్ర వేసేది రేషన్ దుకాణంలో, పింఛను తీసుకునేటప్పుడు, ఎప్పుడైనా బ్యాంక్ మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే ఏజెంటు) దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు మాత్రమే. ఇవి కాక, నాన్నగారు పోయిన తరువాత పొలం భాగాలు రిజిస్టరు చేయించినప్పుడు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వేశారు.

ఆవిడ వేలు అక్కడ లేకుండానే ఆవిడ వేలిముద్ర ఎలా పడింది? పోయిన డబ్బు తిరిగి రాబట్టుకొనే దారి ఉన్నదా? ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేయమని, అంటే వేలిముద్ర వంటివి పనిచేయకుండా తాళం వేయమని ఒక మిత్రుడు చెప్పాడు. అలా చేస్తే ప్రతి నెలా వచ్చే రేషను, పింఛను ఆగిపోతాయేమోనని అమ్మ భయపడుతున్నది. ఆ భయం అకారణమని చెప్పే ధైర్యం నాకు లేదు.

---

జవాబు: విశ్రాంత_బ్యాంకు_ఉద్యోగి

మీ అమ్మగారికి ముందుగా ఒక మాట చెప్పండి: ఆవిడ చేసిన పొరపాటు ఇందులో ఏదీ లేదు. అటువంటి మాట శాఖలో అనవలసింది కాదు. ఖాతాదారుకు తెలియకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీలో ఖాతాదారుదే బాధ్యత అని నిరూపించే భారం బ్యాంకు మీదనే ఉంటుందని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వులో స్పష్టంగా ఉన్నది. గ్రామీణ బ్యాంకులకూ అది వర్తిస్తుంది. సహకార బ్యాంకుల కోసం అదే ఏడాది డిసెంబరులో వేరే ఉత్తర్వు ఇచ్చారు. 'వేలిముద్ర పడింది' అనేది యంత్రం చెప్పిన మాటే తప్ప, ఆ వేలు ఎవరిదో చెప్పే రుజువు కాదు.

ఇప్పుడు వెంటనే చేయవలసిన పనులు చెబుతాను. సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా చేయవచ్చు. ఈ రకం మోసంలో డబ్బు చాలాసార్లు అప్పటికే నగదుగా మారిపోయి ఉంటుంది కాబట్టి, ఆ ఫోనుతోనే దాన్ని ఆపగలుగుతారని నేను హామీ ఇవ్వలేను. అయినా ఆ ఫిర్యాదు సంఖ్య లేకపోతే తరువాత ఏ మెట్టు దగ్గరా మీ మాట నిలవదు. ఆ తరువాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటతో తిరిగి రావద్దు.

ఫిర్యాదులో ప్రతి లావాదేవీకీ తేదీ, సమయం, పన్నెండంకెల ఆర్ఆర్ఎన్ (లావాదేవీ గుర్తింపు సంఖ్య) రాయండి. అవి లేకపోతే స్టేట్‌మెంటు అడిగి తీసుకోండి. ఆ లావాదేవీ ఏ బ్యాంకుకు చెందిన ఏ మైక్రో ఏటీఎం (ఏజెంటు దగ్గర ఉండే చిన్న యంత్రం) మీద జరిగిందో, ఆ యంత్రం ఏ బ్యాంక్ మిత్ర పేరున ఉన్నదో తెలియజేయమని కూడా అదే కాగితంలో అడగండి. ఏఈపీఎస్‌లో డబ్బు గాలిలో మాయం కాదు. మీ అమ్మగారి ఖాతాలో తగ్గిన సొమ్ము ఆ యంత్రం నడిపే ఏజెంటు లెక్కకు చేరుతుంది. ఏజెంటు గుర్తింపును అద్దెకు తీసుకొనో, దొంగ పత్రాలతో సంపాదించో ఈ మోసాలు చేస్తుంటారు. అందుకే ఈ ఏజెంట్లను చేర్చుకొనే ముందు పూర్తిగా విచారించాలని, మూడు నెలల పాటు ఏ లావాదేవీ చేయని వారిని మళ్లీ అనుమతించే ముందు కేవైసీ (గుర్తింపు పత్రాల పరిశీలన) తిరిగి చేయాలని 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2026 జనవరి 1 నుంచి ఆ ఆదేశాలు అమలులోకి వచ్చాయి.

ఇక డబ్బు సంగతి. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడో చోట జరిగినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన తరువాత మూడు పనిదినాలలో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలలో తెలియజేస్తే నష్టంలో కొంత భాగం భరించవలసి వస్తుంది. మామూలు పొదుపు ఖాతాకు ఆ పరిమితి రూ.10,000, జన్‌ధన్ వంటి కనీస నిల్వ లేని ఖాతాకు రూ.5,000. ఏడు రోజులు దాటితే ఆ బ్యాంకు బోర్డు పెట్టుకొన్న విధానం ప్రకారం నిర్ణయిస్తారు. ఇక్కడ మీకు ఉపయోగపడే మాట ఒకటి ఉన్నది. ఆ రోజుల లెక్క మొదలయ్యేది డబ్బు పోయిన రోజు నుంచి కాదు, బ్యాంకు సమాచారం ఖాతాదారుకు అందిన రోజు నుంచి. ఎస్‌ఎంఎస్ రాలేదని మీరు అంటున్నారు. పద్దులు వేయించుకొన్న రోజే మాకు మొదటిసారి తెలిసిందని, ఏ సందేశమూ పంపలేదని ఫిర్యాదులో తప్పక రాయండి. పంపామని బ్యాంకు అంటే, ఏ నంబరుకు ఎప్పుడు పంపారో చూపమనండి. తెలియజేసిన పది పనిదినాలలో ఆ సొమ్మును ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలని, తొంభై రోజులలో విషయం తేల్చాలని కూడా ఆ ఉత్తర్వులో ఉన్నది. ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, దానికి వకీలు అక్కరలేదు.

నా అభిప్రాయం అడిగితే, ఆ ఖాతా మీద ఏఈపీఎస్ సదుపాయాన్నే పూర్తిగా తీసివేయమని శాఖలో దరఖాస్తు ఇవ్వండి. కొన్ని బ్యాంకులు ఆ వెసులుబాటు ఇస్తున్నాయి. ఆ తరువాత లాక్ గురించి చింత ఉండదు.

---

జవాబు: దస్తావేజు_లేఖరి

వేలిముద్ర ఎలా పోయిందన్న ప్రశ్నకు నా వృత్తిలో నుంచి సమాధానం చెప్పగలను. మీ విషయంలో సరిగ్గా ఇదే జరిగిందని నిర్ధారించే ఆధారం నా దగ్గర లేదు, అది పోలీసులు తేల్చవలసిన విషయం. కానీ ఈ దారి కొత్తది కాదు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి 2001లో చేసిన సవరణతో 32ఏ అనే సెక్షను చేరింది. దస్తావేజు దాఖలు చేసే ప్రతి ఒక్కరూ పాస్‌పోర్టు సైజు ఫోటో, వేలిముద్రలు దానికి జతచేయాలన్నది అందులోని నియమం. ఆస్తి మార్పిడిలో ఇచ్చేవారివీ పుచ్చుకొనేవారివీ రెండూ ఉండాలి. ఒకరి బదులు ఇంకొకరు వచ్చి భూములు రాయించుకొనే మోసాలను ఆపడానికి తెచ్చిన మంచి నియమం అది. ఆ రోజుల్లో వేలిముద్రతో బ్యాంకు ఖాతా తెరుచుకొనే ఏర్పాటు ఇంకా రాలేదు. తరువాత ఆధార్ వచ్చింది, దస్తావేజులో పార్టీల వివరాల పక్కన ఆధార్ సంఖ్య రాయడం అలవాటైంది. దస్తావేజు నకలు కోరిన వారికి ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్నది. ఆ నకళ్లు కాలక్రమేణా ఆన్‌లైన్‌లోనూ దొరకడం మొదలైంది.

ఇప్పుడు ఈ మూడింటినీ కలిపి చూడండి. ఏఈపీఎస్‌లో డబ్బు తీయడానికి కావలసినవి ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర. పిన్ లేదు, ఓటీపీ లేదు. ఒక పాత దస్తావేజు నకలులో ఆధార్ సంఖ్యా ఉంటుంది, స్పష్టమైన వేలిముద్రా ఉంటుంది. బ్యాంకు పేరు ఒక్కటే ఊహించాలి, ఒక మండలంలో ఉండేవి నాలుగైదు బ్యాంకులే కదా.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకొని, వాటి మీది వేలిముద్రలకు నకళ్లు తయారు చేసి, ఆ మనుషుల పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేసినట్లు హైదరాబాదు పోలీసులు బయటపెట్టారు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకొన్న ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు తీసుకొని ఏఈపీఎస్ ద్వారా ఖాతాలు ఖాళీ చేసినట్లు పోలీసులు చెప్పారు. మరుసటి ఏడాది బెంగళూరులోనూ రిజిస్టరు దస్తావేజుల నుంచే ఇలా జరిగింది. ఆ తరువాత ఆన్‌లైన్ నకళ్లలో వేలిముద్రలు కనిపించకుండా చేయాలని రాష్ట్రాలకు సూచనలు వెళ్లాయి. ఆధార్ సంస్థ కూడా వేలిముద్ర నిజమైన వేలి నుంచి వచ్చిందో లేదో పరీక్షించే కొత్త పద్ధతిని 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఇవన్నీ మంచివే. కానీ అంతకు ముందు బయటికి వెళ్లిపోయిన నకళ్లను వెనక్కి తెచ్చే మార్గం ఎవరి దగ్గరా లేదు. అదీ కాక, దస్తావేజు నకలు ఒక్కసారి బ్యాంకు రుణం కోసమో, పట్టాదారు పాస్‌పుస్తకం కోసమో బయటికి వస్తే, ఎన్ని జిరాక్సులు తీస్తారో, ఎన్ని ఫోన్లలో ఫోటోగా ఉండిపోతుందో మీకు తెలియనిది కాదు.

పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు. మీ అమ్మగారి వేళ్లు మార్చలేము. అందుకే నేను రాసే దస్తావేజుల్లో ఇప్పుడు ఆధార్ సంఖ్య చివరి నాలుగంకెలే రాస్తున్నాను, పరిశీలన కోసం అసలు కార్డు చూపిస్తున్నాము. ఇకముందు ఎక్కడ ఆధార్ కాపీ ఇవ్వవలసి వచ్చినా, మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్‌నే ఇవ్వండి. ఆధార్ వెబ్‌సైట్‌లో దించుకొనేటప్పుడే ఆ ఎంపిక ఉంటుంది. జిరాక్సు దుకాణంలో వాట్సాప్‌కు పంపి ప్రింటు తీయించే అలవాటు మాత్రం దయచేసి మానండి, ఆ కంప్యూటరులో ఊరందరి ఆధార్‌లూ పడి ఉంటాయి.

---

జవాబు: గ్రామ_సచివాలయ_డిజిటల్_అసిస్టెంట్

పై ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ ఏఈపీఎస్‌ను పూర్తిగా తీసివేయమన్న సలహాతో నేను ఏకీభవించలేను. మా గ్రామానికి బ్యాంకు దూరం. ఆటో ఎక్కి, సగం రోజు వరుసలో నిలబడి, రాయడం రానివారైతే విత్‌డ్రాయల్ ఫారం ఎవరి చేతనో నింపించుకొని డబ్బు తెచ్చుకోవాలి. బ్యాంక్ మిత్ర వచ్చిన తరువాతే ముసలివారు తమ డబ్బును తమ వీధిలో తీసుకోగలుగుతున్నారు. ఒంటరిగా ఉండే మనిషికి ఆ సదుపాయం చిన్నది కాదు. మీ అమ్మగారిని అడిగి, ఆవిడ దాన్ని ఎంతగా వాడుకొంటారో తెలుసుకొన్న తరువాతే నిర్ణయించండి.

ఇక లాక్ గురించి. బయోమెట్రిక్ లాక్ చేస్తే వేలిముద్ర, కనుపాప, ముఖం మూడూ ఆధార్ ధ్రువీకరణకు పనిచేయవు. ఎవరు ప్రయత్నించినా 330 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. ఇది దొంగకూ వర్తిస్తుంది, రేషన్ దుకాణంలోని ఈ-పోస్ యంత్రానికీ వర్తిస్తుంది, పింఛను ఇచ్చే మాకూ వర్తిస్తుంది. మీ అమ్మగారి భయం అకారణం కాదన్నది ఇందుకే. లాక్ చేసి, ఆ సంగతి చెప్పకుండా వెళ్లిపోయిన పిల్లల వల్ల నెల మొదటి తేదీన పింఛను అందక కన్నీళ్లు పెట్టుకొన్న పెద్దవారిని నేను చూశాను. ఆధార్ రద్దయిందని ఎవరో చెబితే నమ్మి, మళ్లీ నమోదు చేయించుకోవడానికి మండల కేంద్రానికి వెళ్లినవారూ ఉన్నారు.

అయినా లాక్ చేయమనే నేను చెబుతాను. దాన్ని అవసరమైనప్పుడు కొద్ది నిమిషాల పాటు తెరవవచ్చు, ఆ సమయం ముగియగానే అదే మళ్లీ పడిపోతుంది. అందుకు ఆధార్ వెబ్‌సైట్ వాడాలి, ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్ నంబరుకు ఓటీపీ వస్తుంది. మీ అమ్మగారి దగ్గర మామూలు ఫోనే ఉన్నా ఫరవాలేదు. మీరు హైదరాబాదులో వెబ్‌సైట్ తెరిచి ఉంచితే, ఆవిడ ఫోనుకు వచ్చిన ఓటీపీ మీకు చెబుతారు. ఇక్కడే జాగ్రత్త కావాలి. ఎవరైనా అడిగితే ఓటీపీ చెప్పడం ఆవిడకు అలవాటు కాకూడదు. మీ ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోండి: రేషన్ దుకాణం దగ్గరకు వెళ్లిన తరువాత ఆవిడే మీకు ఫోన్ చేయాలి, మీరు ఎప్పుడూ ఓటీపీ కోసం ఆవిడకు ఫోన్ చేయకూడదు. అప్పుడు మీ పేరు చెప్పి, మీ గొంతును పోలిన గొంతుతో ఎవరు ఫోన్ చేసినా ఆవిడ ఇవ్వనవసరం లేదు. పింఛను రోజున ఇంటికి వచ్చే సచివాలయ ఉద్యోగికి లాక్ ఉన్నదని ముందుగా చెప్పి, వస్తున్న సమయం తెలుసుకోవడం మంచిది.

లాక్ చేసే ముందు ఒక పని తప్పక చేయండి. అదే వెబ్‌సైట్‌లో 'అథెంటికేషన్ హిస్టరీ' అనేది ఉంటుంది. మీ అమ్మగారి ఆధార్‌ను ఎప్పుడు, ఏ సంస్థ, ఏ పద్ధతిలో ధ్రువీకరించడానికి ప్రయత్నించిందో, అది ఫలించిందో లేదో అందులో కనిపిస్తుంది. గడచిన ఆరు నెలలవి, ఒకసారికి యాభై వరకు మాత్రమే చూపుతుంది కాబట్టి ఆలస్యం చేస్తే మీకు కావలసిన వరుసలు కనబడకుండా పోతాయి. ఆ పేజీ దించుకొని పోలీసు ఫిర్యాదుకూ బ్యాంకు ఫిర్యాదుకూ జతచేయండి. డబ్బు తీసిన రోజున మీ అమ్మగారు రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి ఉంటే, రెండు సమయాలనూ పోల్చి చూడండి. ఇక్కడ రేషను తీసుకొంటున్న మనిషి అదే ఘడియలో వేరే జిల్లాలో డబ్బు తీయలేదు కదా.

---

జవాబు: విశ్రాంత_బ్యాంకు_ఉద్యోగి

డిజిటల్ అసిస్టెంట్ గారు చెప్పిన దూరాభారం సంగతి నేను తక్కువ చేసి చూశాను, ఆ మాట సమంజసమైనది. అయితే మధ్యేమార్గం ఒకటి ఉన్నది. ప్రభుత్వ పథకాల సొమ్ము పడే ఖాతాకు ఆధార్ ఉండక తప్పదు. మిగతా ఖాతాలకు ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పులో చెప్పింది. కాబట్టి మీ అమ్మగారి పేరున రెండో ఖాతా తెరిపించండి. కేవైసీ కోసం ఓటరు కార్డు గానీ, ప్రభుత్వ అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు గానీ ఇవ్వవచ్చు. పాన్ లేకపోతే దాని బదులు ఇచ్చే ప్రకటన ఫారం నింపవచ్చు. పొలం కౌలు, మీరు పంపే డబ్బు, దాచుకొన్నది అందులో ఉంచండి. ఆధార్ ఉన్న ఖాతాలో నెల ఖర్చుకు సరిపడినంతే ఉంచితే, ఆవిడ బ్యాంక్ మిత్ర దగ్గరకు వెళ్లే వీలు పోదు, పోగొట్టుకొనే మొత్తమూ పెద్దది కాదు. ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో ఆధార్ గడి నింపకుండా చూడండి. అక్కడి గుమస్తా అలవాటు కొద్దీ నింపేస్తాడు.

---

ప్రశ్న అడిగినవారు: ఒంగోలు_వాసి

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన ప్రకారం 1930లో ఫిర్యాదు నమోదైంది, బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకొన్నాము. రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రతి చూపించిన తరువాత వారి మాట తీరు మారింది.

లాక్ చేయబోతే కొత్త చిక్కు వచ్చింది. అమ్మ ఆధార్‌కు ఉన్న నంబరు నాన్నగారి పాత సిమ్‌ది. ఆయన పోయిన తరువాత రీఛార్జి చేయలేదు, అది ఆగిపోయి చాలా కాలమైంది. బ్యాంకులోనూ అదే నంబరు ఉన్నదట. ఎస్‌ఎంఎస్‌లు రాకపోవడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు. దీనివల్ల మా ఫిర్యాదు బలహీనపడుతుందా? ఇప్పుడు ఏమి చేయాలి?

---

జవాబు: గ్రామ_సచివాలయ_డిజిటల్_అసిస్టెంట్

ముందు నంబరు మార్పించండి, మిగతావన్నీ దాని తరువాతే. ఆగిపోయిన నంబరును తొంభై రోజుల తరువాత కంపెనీలు వేరేవారికి ఇవ్వవచ్చు. అంటే మీ నాన్నగారి నంబరు ఇప్పటికే ఎవరో అపరిచితుని చేతిలో ఉండవచ్చు, మీ అమ్మగారి ఆధార్ ఓటీపీలు, బ్యాంకు సందేశాలు అతనికి వెళుతూ ఉండవచ్చు. అతను మంచివాడే కావచ్చు. అయినా ఆ ఆధారం మీద ఆవిడ ఖాతాను వదిలివేయకూడదు. ఆధార్ కేంద్రానికి అమ్మగారిని తీసుకువెళ్లి, ఆవిడ దగ్గర ఉండే నంబరునే ఇప్పించండి. మీ నంబరు ఇప్పించాలని మీకు అనిపిస్తుంది, చాలామంది పిల్లలు అదే చేస్తారు. కానీ అప్పుడు తన ఆధార్ తాళం తన చేతిలో ఉండదు. మీరు విమానంలో ఉన్న రోజున ఆవిడ రేషను కూడా తీసుకోలేరు. రసీదు జాగ్రత్త పరచండి. నమోదు పూర్తయ్యే వరకు లాక్ పడదు కాబట్టి, ఆ ఖాతాలో పెద్ద మొత్తం ఉంచవద్దు.

తిరిగి వచ్చేటప్పుడు టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో ఆవిడ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. ధర్మారం సంఘటనలో వేలిముద్రలను వాడింది సిమ్‌ల కోసమేనని లేఖరి గారు చెప్పారు కదా. తెలియని నంబరు కనబడితే తనది కాదని అక్కడే తెలియజేయవచ్చు.

---

జవాబు: విశ్రాంత_బ్యాంకు_ఉద్యోగి

నంబరు విషయంలో నిజం దాచవద్దు. ఖాతాదారు నంబరు మారినప్పుడు చెప్పవలసిన బాధ్యత ఉన్నదని బ్యాంకు వాదిస్తుంది, ఆ వాదనకు కొంత బలం ఉన్నది. కానీ వాళ్లు చెప్పగలిగేది సందేశం పంపామని మాత్రమే. డబ్బు తీసింది మీ అమ్మగారేనని నిరూపించే బాధ్యత దానితో తీరదు. నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం నకలు, ఆ సిమ్ ఆగిపోయిన సంగతి కలిపి అనుబంధ లేఖగా ఇవ్వండి. పద్దులు వేయించుకొన్న రోజునే మొదటిసారి తెలిసిందన్న మాట అందులో మళ్లీ రాయండి. ఆ పాస్‌పుస్తకం పేజీ మీద ప్రింటయిన తేదీయే మీకు సాక్ష్యం. ఆ పేజీ ఫోటో తీసి ఉంచుకోండి, పాత పుస్తకం నిండిపోయిందని కొత్తది ఇచ్చి దాన్ని తీసుకోబోతే ఇవ్వకండి.